చిన్న ఐఎస్‌డీలో పిల్లల్ని వెయ్యొచ్చా? పదకొండేళ్ళుగా చూస్తున్నదాన్ని, చెప్తున్నా

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీ వారికి వెస్ట్ టెక్సస్‌లో ఒక చిన్న ఊరి ఆసుపత్రిలో కాన్‌రాడ్ 30 వేవర్ (డాక్టర్లు తక్కువున్న చోట పనిచేసే విదేశీ డాక్టర్లకిచ్చే వీసా మినహాయింపు) మీద ఉద్యోగం ఖాయమైంది, మూడేళ్ళదాకా కదలడానికి లేదు. పాప ఏడో తరగతిలోకి వస్తోంది, బాబు మూడులోకి. అక్కడి ఐఎస్‌డీలో (ఇండిపెండెంట్ స్కూల్ డిస్ట్రిక్ట్, అంటే ఊరి ప్రభుత్వ బళ్ళు నడిపే సంస్థ) కిండర్‌గార్టెన్ నుంచి పన్నెండు దాకా అందర్నీ కలిపినా 700 మంది లేరు. ఇళ్ళు వెతికే సైట్లో ఆ బడికి 10కి 4 అని ఉంది, టీఈఏ (టెక్సస్ విద్యాశాఖ) ఇచ్చిన గ్రేడు సి, హైస్కూల్లో ఏపీ కోర్సులు (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, కాలేజీ స్థాయివి) రెండే. అందుకని మీరూ పిల్లలూ డాలస్ పక్కన ఫ్రిస్కోలోనే ఉండిపోయి, ఆయన రెండు వారాలకోసారి అయిదు గంటలు కారు నడుపుకుంటూ వచ్చిపోతే ఎలా ఉంటుందని అడుగుతున్నారు.

నా మాట ముందే చెప్పేస్తాను: అందరూ కలిసే వెళ్ళండి. కాకపోతే ఇల్లు ఖాయం చేసుకునేముందు ఒక రోజు ఆ బడికి వెళ్ళి నేను కింద రాసినవి అడిగి రండి, జవాబులు మరీ తేడాగా ఉంటే అప్పుడు మళ్ళీ ఆలోచించుకోవచ్చు. మేమూ ఇదే వేవర్ మీద లబ్బాక్‌కి దక్షిణాన పత్తి చేల మధ్య ఉన్న ఒక ఊరికి వచ్చాం (గుంటూరు జిల్లా పత్తి చూసి పెరిగినదాన్ని, ఇక్కడా అదే పత్తి చూసి మొదటి వారం ఏడుపొచ్చింది, అది వేరే కథ). మూడేళ్ళని వచ్చి పదకొండేళ్ళయింది. మా ఊరి బళ్ళో ఆరేళ్ళు సబ్‌స్టిట్యూట్ టీచరుగా చేశాను, ప్లానింగ్ కమిటీలో పేరెంట్ మెంబరుగా కూర్చున్నాను. పెద్దమ్మాయి అక్కడే గ్రాడ్యుయేట్ అయింది, చిన్నవాడు ఇప్పుడు పదిలో ఉన్నాడు. మీరు పడుతున్న టెన్షన్ అంతా నేను పడ్డదే.

ముందు ఆ 4 సంగతి చూద్దాం. ఫ్రిస్కోలో ఒక మిడిల్ స్కూల్లో ఎనిమిదో తరగతి అంటే వందల్లో పిల్లలు, అక్కడ శాతం అంటే దానికో అర్థం ఉంటుంది. మా బళ్ళో ఒక ఏడాది ఎనిమిదిలో 23 మంది. అంటే ఒక్కొక్కరు నాలుగు శాతం పైనే! ఆ సెప్టెంబరులో చమురు పనుల మీద తిరిగే రెండు కుటుంబాలు ఊళ్ళోకి వచ్చాయి, వాళ్ళ పిల్లలు అప్పటికే ఏడాదిన్నరలో మూడు బళ్ళు మారారు, పాపం వాళ్ళ తప్పేం లేదు. నలుగురు లెక్కల పరీక్షలో గట్టెక్కలేదు, ఒక్క దెబ్బకి 17 శాతం పడిపోయింది. చర్చి ముందు, డెయిరీ క్వీన్‌లో, ఎక్కడ చూసినా ప్రిన్సిపల్‌ని మార్చాలన్న మాటే. మరుసటి ఏడాది ఆ కుటుంబాలు మిడ్‌లాండ్ వైపు వెళ్ళిపోయాయి, శాతం మళ్ళీ పైకొచ్చింది, అదే ప్రిన్సిపల్‌కి సన్మానం చేశారు. టీచరు అదే, గది అదే, పుస్తకమూ అదే. గణాంకాలు తెలిసినవాళ్ళకి ఇది కొత్తేం కాదు. పెన్సిల్వేనియాలో 1,662 బళ్ళను తీసి చూస్తే పైనున్న 50లో చిన్న బళ్ళు వాటి వాటాకి నాలుగు రెట్లు కనిపించాయి, చిన్న బడి గొప్పదనుకుని దాని మీద కోట్ల డాలర్లు ఖర్చు పెట్టినవాళ్ళున్నారు. తీరా చూస్తే అట్టడుగు బళ్ళలోనూ చిన్నవి వాటి వాటాకి మించే ఉన్నాయి. తలలు తక్కువైనప్పుడు అంకె అటూ ఇటూ ఊగుతుంది, అంతే.

ఇంకోటి, ఆ సైట్ల అంకెల్లో ఎక్కువ భాగం పరీక్ష మార్కులే, ఆ మార్కులు తల్లిదండ్రుల ఆదాయాన్ని చూపించినంత బాగా బడి పనితనాన్ని చూపించవు. స్టాన్‌ఫర్డ్‌లో షాన్ రియర్డన్ బృందం దేశంలోని స్కూల్ డిస్ట్రిక్టులు దాదాపు అన్నిటి మార్కులూ తీసి, పిల్లలు ఏ మట్టంలో ఉన్నారో ఒక పక్క, ఏడాదికి ఎంత నేర్చుకుంటున్నారో ఇంకో పక్క విడదీసి పెట్టింది. మార్కులు తక్కువని పేరున్న షికాగో బళ్ళలో మూడో తరగతి నుంచి ఎనిమిది దాకా అయిదేళ్ళలో పిల్లలు ఆరేళ్ళ చదువంత పెరిగారని వాళ్ళ 2017 లెక్కల్లో తేలింది. ఆ మ్యాప్ ఎవరైనా చూడొచ్చు, మీ ఐఎస్‌డీ కూడా ఉండొచ్చు, అందులో మట్టం కంటే ఎదుగుదల రంగు చూడండి.

టీఈఏ సి గ్రేడు మాత్రం కాస్త వేరు, దాన్ని కొట్టిపారెయ్యను, కానీ విప్పి చూడాలి. అందులో మూడు భాగాలు: మార్కులు, ఎదుగుదల, గుంపుల మధ్య తేడా తగ్గించడం. మొదటి రెండిట్లో ఏది మెరుగైతే అది 70 శాతం, మూడోది 30. హైస్కూలుకైతే మొదటి భాగంలో స్టార్ (రాష్ట్రం పెట్టే పరీక్ష) మార్కులు 40 శాతం, గ్రాడ్యుయేషన్ 20, మిగతా 40 శాతం సీసీఎంఆర్, అంటే కాలేజీకో ఉద్యోగానికో మిలిటరీకో సిద్ధమయ్యారా అన్న లెక్క. ఈ సీసీఎంఆర్‌లో ఎ రావడానికి అంతకుముందు 60 చాలేది, 2023 లెక్క నుంచి దాన్ని 88కి పెంచారు. దాని మీదే ఐఎస్‌డీలు కోర్టుకెళ్ళాయి, ఆ 2023 గ్రేడ్లు చివరికి 2025 ఏప్రిల్‌లో బయటికొచ్చాయి. కాబట్టి బి నుంచి సి అయిందంటే బడి పాడైందని కాదు, గీత జరిగి ఉండొచ్చు. అలాగే గోడ మీద సీసీఎంఆర్ 95 శాతం అని బ్యానరు చూసి మురిసిపోకండి. వెల్డింగ్ సర్టిఫికెట్ వచ్చినా లెక్కే, కాలేజ్ ప్రెప్ అనే కోర్సు పాసైనా లెక్కే. ఎంతమంది టీఎస్ఐ పరీక్షో (టెక్సస్ కాలేజీ చదువుకి సిద్ధమా అని చూసేది), ఎస్ఏటీనో రాసి దాటారు అని విడిగా అడగండి. మా బళ్ళో ఆ ప్రశ్న వేసిన మొదటి తల్లిని నేనేనట, బళ్ళో పిల్లల కోర్సులు చూసే కౌన్సెలర్ నవ్వింది.

స్టార్‌లో కూడా అప్రోచెస్ అన్న కనీస పాసు చూడకండి, దాని పై మెట్టు మీట్స్ చూడండి. ఒక్క ఏడాది కాదు, అయిదేళ్ళు. ఒకే తరగతి అంకెను ఏటా పోల్చకుండా అవే పిల్లల వెంట నడవండి: ఆ ఏడు మూడులో ఉన్నవాళ్ళు మరుసటేడు నాలుగులో, తర్వాత అయిదులో ఎలా ఉన్నారో. నక్షత్రం గుర్తు పెట్టి దాచిన గళ్ళు బోలెడు కనిపిస్తాయి, పిల్లలు మరీ తక్కువైతే ఎవరెవరో తెలిసిపోతుందని దాస్తారు, బడి ఏదో కప్పిపెడుతోందని కంగారుపడొద్దు. ఈ స్టార్‌ని తీసేసి 2027-28 నుంచి ఏడాదికి మూడు చిన్న పరీక్షలు పెట్టాలని 2025లో చట్టం చేశారు, కాబట్టి మీ బాబు అయిదులోకి వచ్చేసరికి ఈ లెక్కలన్నీ మళ్ళీ మారతాయి.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. చిన్న ఐఎస్‌డీలో బడి అంటే మనుషులే. లెక్కలకి ఒకావిడ, సైన్సుకి ఒకాయన, అంతే. ఆవిడ బాగా చెప్తే ఊరంతటి పిల్లలూ లెక్కల్లో బాగుంటారు, ఆవిడ భర్తకి శాన్ ఏంజెలోలో ఉద్యోగం వస్తే ఊరంతా లెక్కల్లో పడిపోతుంది. పెద్ద ఐఎస్‌డీలో ఒక టీచరు పోతే పక్క గది టీచరుంటుంది. ఇక్కడ పక్క గది లేదు. మా ఊళ్ళో జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల మాస్టారికి అక్టోబరులో బదిలీ అయితే మార్చి దాకా పీఈటీ సార్ వచ్చి నిశ్శబ్దంగా చదువుకోండి అనేవారు, సరిగ్గా అదే అమెరికాలో మళ్ళీ చూశాను. మా అమ్మాయి పదకొండులో ఉండగా కెమిస్ట్రీ టీచరు నవంబరులో మానేశారు. ఉద్యోగానికి అప్లై చేసినవాళ్ళు సున్నా. మే నెల దాకా ఒక లాంగ్ టర్మ్ సబ్ వచ్చి కంప్యూటర్లో వీడియోలు పెట్టారు, మంచి మనిషే, కానీ మోల్ అంటే ఏంటో ఆయనకే తెలీదు. క్లాసులో అందరికీ 95 పైనే వచ్చింది! ఆ 95 చూసి నేను మోసపోయాను, అమ్మాయి కాలేజీకి వెళ్ళాక మొదటి సెమిస్టర్ కెమిస్ట్రీలో చుక్కలు చూసింది. ఫిబ్రవరిలోనే నేను మేలుకుని ఉంటే కమ్యూనిటీ కాలేజీలో వేసవిలో ఆ కోర్సు చేయించేదాన్ని.

అందుకే మీరు టీఈఏ సైట్లో టీఏపీఆర్ అనే రిపోర్టు తెరిచి, మార్కుల పేజీలు దాటి చివర్లో ఉండే స్టాఫ్ పేజీకి వెళ్ళండి. టీచర్ల టర్నోవర్ ఎంత, ఇదే ఐఎస్‌డీలో సగటున ఎన్నేళ్ళుగా ఉన్నారు, కొత్తగా చేరినవాళ్ళు ఎంతమంది. రాష్ట్ర సగటు పక్కనే ఉంటుంది. నాకైతే సి గ్రేడ్ ఉండి టీచర్లు పదేళ్ళుగా ఉన్న బడి, బి గ్రేడ్ ఉండి ఏటా మూడో వంతు మారిపోయే బడి కంటే నయం. తర్వాత ప్రిన్సిపల్‌ని సూటిగా అడగండి: ఎనిమిదిలో లెక్కలు ఎవరు చెప్తారు, ఆ సబ్జెక్టులో సర్టిఫికేషన్ ఉందా, ఎన్నేళ్ళయింది, నలభై మైళ్ళ నుంచి రోజూ వచ్చిపోతారా లేక ఊళ్ళోనే ఇల్లుందా. చివరి ప్రశ్న మొహమాటంగా అనిపిస్తుంది గానీ అదే అన్నిటికంటే ఎక్కువ చెప్తుంది. 2015 చట్టం ప్రకారం డిస్ట్రిక్ట్ ఆఫ్ ఇన్నోవేషన్ అని తీర్మానం చేసుకున్న ఐఎస్‌డీలు సర్టిఫికెట్ లేనివాళ్ళని పెట్టుకోవచ్చు, టెక్సస్‌లో చాలావరకు అలా చేసుకున్నాయి. ముఖ్యమైన సబ్జెక్టుల్లో దాన్ని దశలవారీగా తగ్గించమని 2025 చట్టం చెప్తోంది, కానీ ఊళ్ళో మనిషే దొరకనప్పుడు చట్టం ఏం చేస్తుందో చూడాలి. సోషల్ స్టడీస్ మాత్రం ఫుట్‌బాల్ కోచే చెప్తాడు, దానికి సిద్ధపడండి, అందులో ఇద్దరు నిజంగా బాగా చెప్పినవాళ్ళనీ చూశాను.

డబ్బు గురించి మీరు అనుకుంటున్నది సగమే నిజం. ఇళ్ళు చవక కాబట్టి ప్రాపర్టీ ట్యాక్స్ తక్కువ, కాబట్టి బడికి డబ్బుండదు అని రాశారు. ఒకప్పుడు అలాగే ఉండేది. శాన్ ఆంటోనియోలో ఎడ్జ్‌వుడ్ అనే పేద ఐఎస్‌డీ తల్లిదండ్రులు వేసిన కేసులో, చదువు ఫెడరల్ రాజ్యాంగంలో ప్రాథమిక హక్కు కాదని 1973లో అమెరికా సుప్రీంకోర్టు తేల్చేసింది. అదే ఎడ్జ్‌వుడ్ మళ్ళీ రాష్ట్ర రాజ్యాంగం పట్టుకుని పోరాడి 1989లో టెక్సస్ సుప్రీంకోర్టులో గెలిచింది. ఆ తర్వాత 1993లో వచ్చిందే రాబిన్ హుడ్ పద్ధతి, ఆస్తులెక్కువున్న ఐఎస్‌డీల పన్ను కొంత రాష్ట్రం తీసుకుంటుంది. ఇప్పుడు రోజువారీ ఖర్చుకి పిల్లాడికింత అని రాష్ట్రం లెక్క కట్టి, ఊరి పన్ను చాలకపోతే మిగతాది వేస్తుంది. ఆ మూల మొత్తం 2019 నుంచి 6,160 డాలర్లే, ధరలన్నీ పెరిగినా కదల్లేదు, 2025లో హెచ్‌బీ 2 అనే రాష్ట్ర చట్టం వచ్చి 55 డాలర్లు పెంచింది. యాభై అయిదు! దాని మీద చిన్న ఐఎస్‌డీలకి, అంటే రోజూ హాజరయ్యేవాళ్ళు సగటున 1,600 లోపుంటే, అదనపు అలవెన్సు ఉంది. అదే చట్టంలో 5,000 లోపు పిల్లలున్న ఐఎస్‌డీల్లో అయిదేళ్ళు దాటిన టీచర్లకి ఏడాదికి 8,000 డాలర్ల పెంపు, పెద్దవాటిలో 5,000. మా దగ్గర లబ్బాక్‌కి వెళ్ళిపోదామనుకున్న ఇద్దరు టీచర్లు దీనివల్లే ఆగారు.

నిజంగా తేడా కనిపించేది భవనాల్లో. కొత్త గది కట్టాలన్నా, కప్పు మార్చాలన్నా బాండు, అంటే అప్పు, పెట్టి ఊరు ఓటెయ్యాలి, దానికి వేరే పన్ను. చవక ఇళ్ళ ఊళ్ళో ఆ పన్ను ఒక సెంటు పెంచితే వచ్చేది చిల్లర. పెర్మియన్ బేసిన్‌లో చమురు బావులున్న ఐఎస్‌డీకి అదే సెంటుతో స్టేడియం లేస్తుంది. మీరు వెళ్ళినప్పుడు ఆ స్టేడియం చూసి బడి బాగుందనీ, ఇక్కడ జిమ్ కప్పు కారుతోందని చూసి బడి బాలేదనీ అనుకోవద్దు, ఆ కప్పుకీ లెక్కల క్లాసుకీ సంబంధం లేదు. ఐఎస్‌డీ ఖాతాలు ఎలా ఉన్నాయో చూడాలంటే స్కూల్ ఫస్ట్ అనే రేటింగ్ ఉంటుంది, అది ఫెయిలైతే మాత్రం జాగ్రత్తపడండి, డబ్బు అయిపోతే ముందు పోయేది ఆర్ట్, బ్యాండ్, ఆ తర్వాత కొత్త టీచర్లు.

పైన రోజూ హాజరయ్యేవాళ్ళు అన్నాను కదా, మనవాళ్ళకి ఇక్కడో మాట. టెక్సస్ డబ్బిచ్చేది చేరిన పిల్లలకి కాదు, వచ్చిన పిల్లలకి. డిసెంబరులో ఇండియా వెళ్ళి సంక్రాంతి చూసుకుని ఫిబ్రవరిలో వస్తాం అంటే ఫ్రిస్కోలో ఎవరూ పట్టించుకోకపోవచ్చు, 700 మంది బళ్ళో మీ ఇద్దరు పిల్లలు ఆరు వారాలు లేకపోతే సూపరింటెండెంటే ఫోన్ చేస్తాడు. పైగా 90 శాతం హాజరు లేకపోతే క్రెడిట్ రావడానికి ప్రిన్సిపల్ ఒప్పుకున్న ప్లాన్ పూర్తి చెయ్యాలి, లేదా కమిటీ కూర్చోవాలి. వేసవిలో వెళ్ళండి, మామిడికాయలైనా ఉంటాయి.

మీ పాప విషయం ఇప్పుడు. అయిదో తరగతి లెక్కల స్టార్‌లో పై 40 శాతంలో ఉన్నవాళ్ళని ఆరులో అడ్వాన్స్‌డ్ లెక్కల్లో తప్పకుండా వెయ్యాలని 2023లో చట్టం వచ్చింది, తల్లిదండ్రులు వద్దంటే తప్ప. మీ పాప ఇప్పటికే ఆ దారిలో ఉంటే, ఎనిమిదిలో ఆల్జీబ్రా 1 పెడతారా అని రాతపూర్వకంగా, ఈమెయిల్లో అడగండి. చిన్న బళ్ళో దీనికి అడ్డొచ్చేది తెలివి కాదు, బెల్ షెడ్యూలు. అయిదుగురి కోసం ఒక పీరియడ్ తియ్యలేమంటారు. అప్పుడు హైస్కూలు అదే ఆవరణలో ఉంటే తొమ్మిది వాళ్ళతో కూర్చోబెట్టమని అడగొచ్చు, మా అమ్మాయికి అలాగే చేశారు, అడిగిన మూడో రోజున. ఫ్రిస్కోలో ఇలాంటి మార్పు కావాలంటే ఎన్ని ఫారాలో!

ఏపీలు రెండే అన్నారు. ఏపీ లేకపోతే కొంప మునగదు. చిన్న బళ్ళు డ్యూయల్ క్రెడిట్ మీద నడుస్తాయి, దగ్గర్లోని కమ్యూనిటీ కాలేజీతో ఒప్పందం ఉంటుంది, పిల్లలు హైస్కూల్లోనే కాలేజీ కోర్సులు చేస్తారు. యూటీ ఆస్టిన్ వాళ్ళ ఆన్‌ర్యాంప్స్ కూడా కొన్ని బళ్ళలో ఉంది. ఫ్రీ లంచ్ అర్హత ఉన్న పిల్లలకి ఫాస్ట్ పథకం కింద చేరిన కాలేజీల్లో ఈ కోర్సులు ఉచితం, మీకు వర్తించదనుకోండి, కానీ దానివల్ల బళ్ళో ఆ కోర్సులు నిలబడతాయి. లోటు ఎక్కడంటే ఫిజిక్స్ సి, కాల్‌క్యులస్ బీసీ లాంటి పై స్థాయి ఏపీలు. ఇంజినీరింగ్ వైపు వెళ్ళే పిల్లలకి పదకొండు, పన్నెండులో అవి ఆన్‌లైన్లో చేయించాలి, ఇంట్లో ఒకరు పక్కన కూర్చోవాలి, దీన్ని తక్కువ చేసి చెప్పను. అయినా మీ మూడేళ్ళూ అయ్యేసరికి పాప తొమ్మిది ముగిస్తుంది, అప్పటికి కావాలంటే కదలొచ్చు.

ఒకవేళ ఉండిపోతే ఇంకో లెక్క ఉంది, మనవాళ్ళు ఎవరూ ముందుగా ఆలోచించరు. 1997 చట్టం ప్రకారం క్లాసులో పై 10 శాతంలో ఉన్నవాళ్ళకి టెక్సస్ ప్రభుత్వ యూనివర్సిటీల్లో ఆటోమేటిక్ అడ్మిషన్. యూటీ ఆస్టిన్‌కి మాత్రం అది చాలాకాలం 6 శాతం, 2026 ఫాల్ నుంచి 5. మీ ఊళ్ళో పన్నెండో తరగతిలో 40 మంది ఉంటే 5 శాతం అంటే ఇద్దరు. ఫ్రిస్కోలో ఎనిమిది ఏపీలు చేసినా పై పాతిక శాతంలో లేని పిల్లలు ఎంతమందో మీకు తెలుసు. ఇక్కడ ఇద్దరిలో ఒకరు కావడం తేలికని కాదు, పత్తి రైతుల పిల్లల్లో భలే చదివేవాళ్ళుంటారు, కానీ పోటీ ముఖాలు తెలిసిన పోటీ. మొదటి ర్యాంకు వస్తే రాష్ట్ర ప్రభుత్వ కాలేజీల్లో మొదటి ఏడాది ట్యూషన్ మాఫీ కూడా ఉంది. కాకపోతే ర్యాంకు లెక్క పాలసీ ముందే తెప్పించుకుని చదవండి: డ్యూయల్ క్రెడిట్‌కి ఎంత బరువు, ఎనిమిదిలో చేసిన ఆల్జీబ్రా జీపీఏలో కలుస్తుందా, ర్యాంకుకి ఇన్నేళ్ళు ఇక్కడే చదివి ఉండాలన్న షరతుందా. మా అమ్మాయికి అర పాయింటులో మొదటి ర్యాంకు పోయింది, ఆ పాలసీ నేను తను పన్నెండులోకి వచ్చాకే చదివాను కాబట్టి.

బాబు సంగతి తేలిక. నాలుగు దాకా క్లాసుకి 22 మంది మించకూడదని రాష్ట్ర నియమం, చిన్న ఊళ్ళో 15 మందే ఉండటం మామూలు. మూడో తరగతిలో చదవడం వచ్చేస్తే మిగతా అంతా వస్తుంది. మొదటిసారి చేర్చేటప్పుడు హోమ్ లాంగ్వేజ్ సర్వే ఇస్తారు, ఫ్రిస్కోలో నింపిన ఫారమే ఫైలుతో పాటు వెళ్తుంది. అందులో తెలుగు అని రాసి ఉంటే ఇంగ్లిష్ పరీక్ష పెట్టి ఉంటారు, దాని ఫలితం కాగితం మీ దగ్గర ఉంచుకోండి, లేకపోతే మళ్ళీ పెడతారు. తెలుగు రాసినందుకు భయపడి కొట్టేసుకోకండి, దొంగతనం కాదది. స్పీచ్ థెరపీ లాంటివి కావాలంటే మాత్రం ముందే అడగండి, చిన్న ఐఎస్‌డీలు నాలుగైదు కలిసి ఒకే థెరపిస్ట్‌ని పంచుకుంటాయి, వారానికి ఒక రోజు వస్తారు, ఆ రోజు బాబుకి జ్వరమొస్తే ఆ వారం పోయినట్టే.

టెక్సస్ బళ్ళ మధ్య పోటీలు నడిపే యూఐఎల్ వాళ్ళ నంబర్ సెన్స్‌లో వెయ్యండి ఇద్దర్నీ, బాబుని నాలుగులోకి వచ్చాక. పది నిమిషాల్లో 80 లెక్కలు, కాగితం మీద చిత్తు లెక్క వెయ్యకుండా బుర్రలోనే చెయ్యాలి. మన ఎక్కాలు, అమ్మమ్మల నోటి లెక్కలు అక్కరకొచ్చేది ఇక్కడే. పెద్ద బళ్ళో టీముకి సెలెక్షన్ ఉంటుంది, ఇక్కడ చెయ్యెత్తితే చాలు. మా వాడు ఆరులో తెచ్చిన మెడల్ ఆసుపత్రి రిసెప్షన్లో నర్సులు గోడకి తగిలించారు, ఇప్పటికీ ఉంది. హైస్కూల్లో రాష్ట్ర స్థాయి దాకా వెళ్తే స్కాలర్‌షిప్‌కి అప్లై చెయ్యొచ్చు.

వెళ్ళి చూడటానికి ఏప్రిల్ వద్దు, స్టార్ పరీక్షలు, లోపలికి రానివ్వరు. జులైలో కౌన్సెలర్ ఉండదు. మే మొదటి వారం మంచిది, అప్పటికి ఎవరు మానేస్తున్నారో ఊరికంతా తెలిసిపోతుంది. స్కూల్ బోర్డు మీటింగ్ నెలకోసారి ఉంటుంది, ఎజెండా ముందే సైట్లో పెడతారు, వీలైతే ఆ రోజు చూసుకుని వెళ్ళి వెనక కూర్చోండి. రాజీనామాల జాబితా అందులోనే చదువుతారు. టీఏపీఆర్‌లో స్టాఫ్ పేజీ దొరక్కపోతే ఐఎస్‌డీ పేరు నాకు విడిగా మెసేజ్ పెట్టండి, రాత్రి చూసి చెప్తాను.